కెటిల్ కోవ్ నీలి దీపం

స్వాన్ ఫ్లాట్, టాస్మానియా
ఈస్టర్ వెళ్ళిన మంగళవారం

లోర్నాకి,

నీలి వెలుతురు వైరస్‌ని చంపుతోందని రాశావు. నీలి వెలుతురు దేన్నీ చంపదు. చంపగలిగితే మా పోలీసు స్టేషన్ గుమ్మం మీదున్న నీలి దీపం కింద ఒక్క దోమ బతికేది కాదు. పని చేసేది అతినీలలోహిత కాంతి. అది కంటికి కనపడదు. నీకు కనపడే ఆ నీలం దాని వెంట ఊరికే వచ్చే రంగు, ఫుట్‌బాల్ జట్టు వెనక వచ్చే బ్యాండు మేళంలాగా. గోలు కొట్టేది బ్యాండు కాదు. ఇంకొకటి. "చంపడం" కూడా సరైన మాట కాదు. వైరస్ లోపలి అల్లికని చెడగొట్టి, అది మళ్ళీ పెరగకుండా చేస్తుంది, అంతే. ముప్పై ఏళ్ళకి పైగా బళ్ళో రసాయన శాస్త్రం చెప్పినదాన్ని. తప్పు కనిపిస్తే ఎర్ర సిరా దానంతటదే చేతికొస్తుంది. ఏమీ అనుకోకు. అనుకున్నా నాకు రాయకు.

పేపర్లో మీ ఫోటో చూశాను. పోస్టాఫీసు మాక్సీన్ పనిగట్టుకుని ఇంటికి తెచ్చి చూపించింది. "మీ ఆడపడుచు ఎంత బాగా పడిందో చూడండి హెస్టర్!" అంది. బాగానే పడ్డావు. ఆ స్టీలు గొట్టాన్ని ఆనుకుని, దాన్ని నువ్వే కని పెంచినట్టు. "వైరస్‌కి తలుపు మూసిన మహిళ" అని కింద పెద్దక్షరాలు. సముద్రపు నీళ్ళు వడగట్టి, దీపాలున్న గొట్టంలోంచి పారించి, ఆ నీళ్ళలో ఆల్చిప్ప పిల్లల్ని పెంచడం లోకానికి కొత్త కాదు. అయితే మన తీరాన ముందుగా కొన్నది నువ్వు. ఆ మాట ఒప్పుకుంటాను. ఒకసారే.

ఫోటోలో నీ పక్కన నా మనవరాలు బ్రొన్విన్ ఉంది. నీ భుజం మీద చెయ్యేసి నవ్వుతోంది. దాని అమ్మా నాన్నా గనుల ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే బడికెళ్ళే వయసు నుంచీ నా ఇంట్లో పెరిగిన పిల్ల. నా భుజం మీద చెయ్యేసిన గుర్తు నాకు లేదు. నేను వెయ్యనిచ్చే మనిషిని కాననుకో, అది వేరే సంగతి.

దాన్ని నీ దగ్గరికి పంపినప్పుడు ఏమనుకున్నాం? పోయిన వేసవిలో వైరస్ తగిలి మా ఖాతంలో, ఈ బురద తీరాన మేం పెంచుకునే ఆల్చిప్పలన్నీ నోళ్ళు తెరిచి చచ్చాయి. బుట్టలన్నీ లేపి పారబోశాక బ్రొన్విన్‌కి ఇక్కడ పని లేకుండా పోయింది. "ఒక్క చలికాలం నా హేచరీలో పని నేర్చుకోనీ వదినా, వసంతానికి నీ పిల్ల నీకు" అన్నది నువ్వు. వసంతంలో మళ్ళీ ఆల్చిప్ప పిల్లల సీడ్ వెయ్యాలి. నా మోకాళ్ళు బురదలోకి దిగే మోకాళ్ళు కావు. అది వస్తేనే మీ అన్నయ్య క్లైవ్ నిలబెట్టిన ఈ ఖాతం నిలుస్తుంది. రాకపోతే పక్కవాళ్ళకి అప్పగించి నేను కిటికీ దగ్గర కూర్చోవాలి. ఇది నీకు తెలుసు. తెలుసు కాబట్టే మళ్ళీ రాస్తున్నాను.

ఫోను చెయ్యకు. ఫోనులో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను. కాగితం మీద ఇద్దరం మర్యాదస్తులం.

హెస్టర్


కెటిల్ కోవ్
మే నెల, చలి మొదలైంది

వదినా,

నీ ఎర్ర సిరా అందింది. అన్నయ్య నీతో ఎలా వేగాడో పాపం అనుకుంటూ చదివాను. బ్రొన్విన్‌కి కూడా చదివి వినిపించాను, దోమల దాకా. భుజాలూ మోకాళ్ళూ చదవలేదు. అది నవ్వీ నవ్వీ టీ ఒలకబోసుకుంది. "మా మామ్మ ఉందే, దేవుడు ఎదురొచ్చినా ముందు ఆయన వ్యాకరణం దిద్దుతుంది" అంది.

చెబితే కోప్పడతావు, చెప్పకపోతే మాక్సీన్ చెబుతుంది. ఈమధ్య అది నన్నూ మామ్మా అంటోంది. నేను అడగలేదు. ఒకరోజు తొట్ల దగ్గర్నుంచి "మామ్మా, పంపు ఆపు, పంపు ఆపు!" అని అరిచింది. ఆపాను. ఆపి, లోపలికెళ్ళి కాసేపు కూర్చున్నాను. నీకు కొడుకు పుట్టాడు, కొడుక్కి కూతురు పుట్టింది, ఆ పిలుపు నీ ఇంటికి నడిచొచ్చింది. నాకు డెబ్భై దాటాక, అదీ పంపు శబ్దంలో వచ్చింది.

పిల్ల పని చూస్తే నీకు ముచ్చటేస్తుంది. గొట్టంలో ఒక్కో దీపానికీ గాజు తొడుగు ఉంటుంది. దానికి పాచి పడితే కాంతి నీళ్ళలోకి దిగదట. వారం వారం విప్పి వెనిగర్‌తో తుడుస్తుంది. నన్ను ముట్టుకోనివ్వదు. "నీ చేతులు వెన్నతో స్కోన్లు చేసే చేతులు, జిడ్డు" అంటుంది. గొట్టానికి పక్కన చిన్న కిటికీ అద్దం ఉంది. అందులోంచి నీలంగా వెలుగుతూ కనపడుతుంది. పొద్దున్న లేవగానే అది చూస్తే చాలు నాకు, ఇంట్లో దీపం పెట్టినట్టు ఉంటుంది. నీలం పని చెయ్యదని నువ్వు రాశావని తెలుసు. అయినా చూస్తాను.

ఇంకో సంగతి ఉంది. తర్వాత రాస్తాను.

నీ లోర్నా


స్వాన్ ఫ్లాట్
అదే వారం

లోర్నా,

"తర్వాత రాస్తాను" అని రాసేవాళ్ళు ఆ సంగతి చెప్పేసినట్టే. ఊరికే స్టాంపు దండగ.

పిలుపు సంగతి చదివాను. నన్ను మామ్మా అనడానికి దానికి ఒక సంవత్సరం పట్టింది. అప్పటిదాకా "ఏమండీ టీచర్" అనేది, బళ్ళో అన్నట్టే, ఇంట్లో కూడా, గంజి గిన్నె ముందు పెట్టుకుని. రాత్రిళ్ళు దాని పక్కన కూర్చుని దగ్గు మందు పట్టింది నేను. పన్ను ఊడితే తలుపుకి దారం కట్టింది నేను. ఆటల రోజు సంచి పరుగులో అది పడితే "లే, లేచి పరిగెత్తు" అని అరిచి, ఊరందరి చేతా రాయి గుండెదని అనిపించుకున్నదీ నేనే. నీకు మాత్రం ఒక్క చలికాలమైనా గడవకుండానే, ఒక పంపు మీట తిప్పినందుకు, వచ్చేసిందన్నమాట. సంతోషం.

గాజుకి వెనిగర్ పెట్టి తుడవడం నా దగ్గర నేర్చుకున్నదే. నా బడి బీకర్లు సెలవుల్లో కడిగేది అదే. నీ గొట్టం మెరుస్తోందంటే ఆ మెరుపు నాది. ఆ మాట పేపరు వాళ్ళకి చెప్పలేదేం?

దాచిన సంగతి రాయి.

హెస్టర్


కెటిల్ కోవ్
జూలై, ఒకటే వాన

వదినా,

రాయడానికి జూలై దాకా ధైర్యం రాలేదు. ఇదిగో.

హేచరీలో బ్రొన్విన్‌కి సగం భాగం ఇస్తున్నాను. నేను పోయాక మొత్తం దానిదే. అడిగితే మూడు రోజులు తొట్ల చుట్టూ తిరిగింది. నాలుగో రోజున "మామ్మకి నువ్వు చెబుతావా, నేను చెప్పాలా?" అంది. నేనే చెబుతానన్నాను. అందుకే దాని దగ్గర్నుంచి నీకు ఉత్తరం లేదు. దాన్ని తప్పు పట్టకు.

నీ ఖాతం సంగతి నాకు గుర్తుంది. పనికి మనిషిని చూస్తాను, జీతం నేనిస్తాను. కాదనకుండా ఆలోచించు.

ఇక్కడ పని మాత్రం జోరుగా ఉంది. ఇది బ్రొన్విన్ మొదటి సీడ్, తల్లి ఆల్చిప్పల్ని ఎంచుకోవడం దగ్గర్నుంచి అన్నీ దాని చేతిమీదే. నువ్వుగింజంత ఉన్నాయి ఇప్పుడు, అరచేతిలో పోసుకుంటే ఇసకలా జారతాయి. ఆగస్టు చివర్లో తీరమంతా పంచుతాం.

వాగు పొంగింది. కొండ మీద గడ్డిదుబ్బుల్లోంచి దిగి నీళ్ళు ఎర్రగా, డికాషన్‌లా వచ్చి మా కోవ్ సముద్రంలో కలుస్తున్నాయి. మా ఊళ్ళో అందరికీ తెలిసిందే కదా, ఆ నీళ్ళు తగిలితే ఆల్చిప్ప బలుస్తుంది. నాన్న కూడా వాన వెలిశాకే తొట్లు నింపేవాడు. నేనూ అంతే, వాగు దిగిన రోజున పంపు ఆగకుండా ఆడిస్తాను. బ్రొన్విన్ మొదట్లో సందేహించింది. "వడపోత దాటాక చూడు" అన్నాను. చూసింది. నలకంటూ లేదు. రంగు ఉంది, మురికి లేదు. దీపాలు ఎప్పట్లాగే వెలుగుతున్నాయి. ఇంకేం కావాలి?

కోపం తగ్గాక రాయి.

నీ లోర్నా


స్వాన్ ఫ్లాట్
జూలై

లోర్నా,

కోపం తగ్గలేదు, అయినా రాస్తున్నాను. తగ్గేదాకా ఆగితే మన ఇద్దరిలో ఎవరో ఒకరం ఉండం.

పనిమనిషి జీతం వద్దు. నేను అడిగింది పిల్లని, కూలీని కాదు. నువ్వు పిల్లని తీసుకుని కూలీని పంపిస్తానంటున్నావు. పైగా ఆలోచించమంటున్నావు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా చదువు. నీ దీపాల గొట్టం సరిగా పని చెయ్యడం లేదు. వెలుగుతోంది, పని చెయ్యడం లేదు. సముద్రంలో వైరస్ ఉంటే అది నీ తొట్లలోకి దర్జాగా నడిచి వెళుతోంది. ఎందుకో నాకు తెలుసు. నీ ఉత్తరంలోనే ఉంది, నువ్వే రాశావు, రాస్తూ చూడలేదు.

చెప్పను. బ్రొన్విన్‌ని రెండు వారాలు ఇంటికి పంపు. నా ఎదురుగా కూర్చుని, సగం భాగం సంగతి దాని నోటితో నాకు చెప్పనీ. అప్పుడు చెబుతాను. అది నా షరతు. నీచంగా ఉందా? ఉండనీ. వసంతానికి పంపిస్తానన్న పిల్లని అట్టిపెట్టుకున్నది ఎంత పెద్ద మనసు?

హెస్టర్


కెటిల్ కోవ్
ఆగస్టు

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి పొయ్యిలో పెట్టాను. బ్రొన్విన్‌కి చూపించలేదు. వాళ్ళ మామ్మ ఇలాంటివి రాస్తుందని దానికి తెలియడం నాకిష్టం లేదు.

నీకు కుళ్ళు. ఇన్నేళ్ళకి ఆ మాట రాస్తున్నాను. పేపర్లో ఫోటో చూసి కుళ్ళు, పిలుపు విని కుళ్ళు. ఇప్పుడు బెదిరిస్తే భయపడి పిల్లని బస్సెక్కిస్తాననుకున్నావు. అమ్మినవాళ్ళ మనిషిని పిలిపించి దీపాలు చూపించాను. కొత్త దీపాలే, అన్నీ భేషుగ్గా వెలుగుతున్నాయన్నాడు. గాజు తొడుగులు చూసి, ఇంత శుభ్రంగా ఎక్కడా చూడలేదన్నాడు. ఇంకేం చెబుతావు?

నాకూ కుళ్ళు ఉండేది. నీ మీద. నువ్వు పెళ్ళై వచ్చిన రోజు నుంచీ. అప్పటిదాకా అన్నయ్య పడవలో ముందు కూర్చునేది నేను. నువ్వొచ్చాక వెనక్కి జరిగాను, ఎవరూ జరగమనలేదు, అయినా జరిగాను. నీకు చదువు, నీకు ఉద్యోగం, నీకు పిల్లలు. నేను పండగలకి లామింగ్టన్ కేకులు పట్టుకొచ్చే ఆంటీని. నీ ఇంటికొచ్చి నీ కొడుకుని ఎత్తుకుంటే, "తల కింద చెయ్యి పెట్టు లోర్నా, తల కింద" అని వెంటనే తీసేసుకునేదానివి. అదీ దిద్దావు. ఎప్పుడైనా నీ దగ్గర షరతులు పెట్టానా?

వచ్చే వారం సీడ్ పెట్టెలు బయల్దేరతాయి. తీరంలో సగం మంది కొంటున్నారు, పోయిన వేసవిలో అంతా పోగొట్టుకున్నవాళ్ళే. ప్రతి పెట్టె మీదా "వైరస్ లేదు" అని చీటీ, కింద బ్రొన్విన్ సంతకం. నా సంతకం కాదు. అది ఎన్నిసార్లు రాసి చూసుకుందో, చివరికి ఎంత చక్కగా పెట్టిందో చూస్తే నీకు కూడా కుళ్ళు పోయేది.

ఇక నీకు రాయను.

లోర్నా


స్వాన్ ఫ్లాట్
ఆగస్టు, నీ ఉత్తరం అందిన రోజే

లోర్నా,

పెట్టెలు ఆపు. ఒక్కటి కూడా ఊరు దాటనివ్వకు. మిగతాది ఆపాక చదువు.

దీపాలు బాగున్నాయి. తొడుగులు బాగున్నాయి. వడపోత బాగుంది. బాగాలేనిది మీరు పొగడ్తగా చెప్పుకునే ఆ ఎర్ర నీళ్ళు. మురికి వడపోతకి దొరుకుతుంది, కరిగిన రంగు దొరకదు. టీలో పంచదార కలిపాక గుడ్డలో వడగడితే పంచదార దొరుకుతుందా? ఆ రంగు గడ్డీ ఆకులూ నానిన కషాయం. మామూలు వెలుతురుని అది కొంచెమే మింగుతుంది, అందుకే నీకు నీలం కనపడుతూనే ఉంటుంది. అతినీలలోహిత కాంతిని మాత్రం దీపం పక్కనే మింగేస్తుంది. గొట్టం అంచున పారే నీళ్ళకి కాంతి అందదు. అవి ఎలా వచ్చాయో అలాగే తొట్లలోకి పోతాయి, అందులో ఉన్నవాటితో సహా. మీ నాన్న కాలంలో వైరస్ లేదు, దీపం లేదు, ఆయన వాన నీళ్ళు ఆయన ఇష్టం. మీరు మాత్రం సరిగ్గా దీపం పనికిరాని రోజునే పంపు ఆగకుండా ఆడిస్తున్నారు. అమ్మేవాడు వచ్చి దీపాల వంక చూశాడు, నీళ్ళ వంక చూడలేదు. అతను దీపాలు అమ్మేవాడు మరి.

వైరస్ మీ కోవ్ దాకా వచ్చిందో లేదో నాకు తెలీదు, ఎవరికీ తెలీదు. చల్లటి నీళ్ళలో అది బయటపడదు. డిసెంబరులో నీళ్ళు వెచ్చబడ్డాక తెలుస్తుంది, అప్పటికి ఆ పెట్టెలు సగం తీరంలో ఉంటాయి.

ఇప్పుడు కుళ్ళు సంగతి. ఉంది. నువ్వు రాసినదానికన్నా ఎక్కువే ఉంది. జూలైలో నీ ఉత్తరం చదివి, గొట్టం ఎందుకు పని చెయ్యదో తెలిసిన నిమిషంలో నాకు కలిగింది భయం కాదు లోర్నా, సంతోషం. నీ హేచరీ మునిగితే పిల్ల ఇంటికొస్తుంది. నేను ఏ పాపం చెయ్యక్కర్లేదు, నోరు మూసుకుని కూర్చుంటే చాలు. షరతు కూడా నువ్వు ఒప్పుకోవని తెలిసే పెట్టాను. చెప్పాననిపించుకోవాలి, చెప్పకుండా ఉండాలి. అంత తెలివిగా నేను బళ్ళో కూడా ఎప్పుడూ ప్రశ్నాపత్రం తయారు చెయ్యలేదు.

సంతకం దానిదని నువ్వు రాసేదాకా ఆ ఎత్తు నడిచింది. ఆ తర్వాత బస్సు దిగే బ్రొన్విన్ కళ్ళ ముందు కనపడింది. నువ్వు తీసుకెళ్ళిన బ్రొన్విన్ కాదు. దారిలో ఎదురైన ప్రతివాళ్ళ ఆల్చిప్పలూ తన చీటీ వల్ల చచ్చాయని తెలిసిన మనిషి. నా వంటింట్లో కూర్చుని, వేట మాంసం ముక్కని గిన్నెలో అటూ ఇటూ నెడుతూ, నేను ఏది చెబితే అది సరేనంటూ. ఎదురు చెప్పని బ్రొన్విన్ నాకెందుకు? నా కిటికీ దగ్గర ఇద్దరు కూర్చోవడానికి చోటు లేదు. దానికన్నా నీ గొట్టం పక్కన నీ భుజం మీద చెయ్యేసుకుని నవ్వితే నయం. చూడలేకపోతే పేపరు తిప్పేస్తాను.

ఖాతం ఈ ఏడాదికి పక్కింటి డెన్నిస్ వాళ్ళకి అప్పగిస్తానని ఇప్పుడే కంచె దగ్గర చెప్పి వచ్చాను. "బ్రొన్విన్ రాదా?" అన్నాడు. "దానికి అక్కడ పనుంది" అన్నాను. ఆ మాట అనడానికి నోరు కొంచెం తిప్పుకోవలసి వచ్చింది, అంతే.

పడవలో ముందు కూర్చోవడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. మొహం మీద ఉప్పునీళ్ళు కొడతాయి. నువ్వు అడిగి ఉంటే ఇచ్చేసేదాన్ని. అడగలేదు. నేనూ వెనక్కి తిరిగి చూడలేదు.

దీనికి మందు ఏమిటని నన్ను అడగకు. బొగ్గు వడపోత పెట్టడమా, నీళ్ళ వేగం తగ్గించడమా, వాగు దిగినప్పుడు పంపు కట్టేయడమా, పెంచిన సీడ్ పరీక్షకి పంపడమా, అవన్నీ బ్రొన్విన్ తేల్చుకుంటుంది. తేల్చుకోగలిగేలాగే పెంచాను. కానీ తప్పుని అదే పట్టుకోవాలి. సంతకం దానిదైనప్పుడు కన్ను కూడా దానిదే అవ్వాలి. నేను చెప్పానని తెలిస్తే జన్మంతా దాని పని మీద నా ఎర్ర సిరా ఉంటుంది. నా పేరు ఎత్తకు. నాకు ఈ మాట రాయడం ఎంత కష్టమో నీకు తెలుసు.

కాబట్టి రేపు ఇలా చెయ్యి. క్విన్స్ పళ్ళు నిలవపెట్టే పొడుగాటి గాజు జాడీలు రెండు తీసుకో, తెల్లవి, రంగువి కాదు. వేడినీళ్ళలో కడిగి చీటీలు ఊడదియ్యి. ఒకదాంట్లో దీపాల గొట్టం దాటి వచ్చిన నీళ్ళు నింపు. రెండోదాంట్లో బయటి సముద్రం నీళ్ళు కావాలి, చేపల పడవ వాళ్ళని అడిగి తెప్పించుకో, నీ నడుము నొప్పితో నువ్వు వెళ్ళకు. బ్రొన్విన్ పొద్దున్న టోస్టు తినే బల్ల మీద తెల్ల కాగితం పరిచి, జాడీలు రెండూ పక్కపక్కన పెట్టు. మూతలు తీసి ఉంచు, పక్కనుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి, పైనుంచి అడుగుదాకా చూస్తేనే వాగు రంగు తేడా తెలుస్తుంది. ఏమిటివి అని అడిగితే తెలీదను. తర్వాత బట్టల బుట్ట తీసుకుని పెరట్లోకి వెళ్ళి ఆరెయ్యి. నెమ్మదిగా, ఒక్కో క్లిప్పూ పెట్టుకుంటూ. అది పిలిచేదాకా లోపలికి రాకు.

హెస్టర్